ఒళ్లో పెట్టిన పిల్ల

చాముండేశ్వరి హైదరాబాదుకు వచ్చి ఏడాది దాటింది. నోరు మూసుకుని నెల దాటింది. మొదటిది అందరికీ తెలుసు, రెండోదే ఎవరూ నమ్మలేదు. భీమవరంలో వాళ్ల వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా ముందు ఆవిడే పలకరించేది, ఇంటివాళ్ల వంతు ఆ తర్వాత. రైలెక్కిందంటే దిగేలోపు పెట్టెలో సగంమంది ఇళ్లలోని పెళ్లి సంబంధాలన్నీ ఆవిడ చెవిన పడాల్సిందే. అలాంటి మనిషి మూతి బిగించుకుని అత్తాపూర్ వీధుల్లో తిరుగుతోందంటే మనసు ఎంత కష్టపడి ఉండాలో మీరే ఆలోచించండి.

పెద్ద కష్టాలేమీ కావు. అన్నీ ఆవగింజంత. పై వాటాలో ఉండే ఆవిడను మెట్ల మీద చూసి "వంటయిందాండీ" అంటే, "ఎందుకు?" అని పైకెళ్లి తలుపేసుకుంది. కూరగాయల బండివాడు ఈవిడ 'అండీ'ని పట్టుకుని, "వంకాయలండీ, బెండకాయలండీ, తీసుకోండీ" అని సాగదీసి పక్కవాళ్లను నవ్వించాడు. బ్యాంకులో వరసలో నిలబడ్డ ఒక అమ్మాయిని ఊసుపోక "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే, "మీకెందుకు ఆంటీ" అంది. ఆ రోజు ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడి, "ఇక ఈ ఊళ్లో నేనెవరితోనూ మాట్లాడనండీ. చచ్చినా మాట్లాడను" అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

పట్టాభిరామయ్య పేపర్లోంచి తల ఎత్తకుండానే "శుభం" అన్నాడు. ఆయనకు శంషాబాద్ దగ్గర ఒక సరుకుల గోదాములో లెక్కల ఉద్యోగం. దానికోసమే కాపురం ఇటు మార్చారు. డిగ్రీ చదువుతున్న కొడుకు భార్గవ్‌ను భీమవరంలోనే మేనమామ ఇంట్లో ఉంచారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు, అందులో ఒకాయన పేపరు చదువుతాడు. ఇక ఆవిడ ఎవరితో మాట్లాడాలి?

మాట్లాడకపోతే సరిపోదని, దానికి తగ్గ మొహం కూడా ఒకటి తయారుచేసుకుంది. కనుబొమలు దగ్గరికి, పెదాలు లోపలికి, చూపు ఎవరి మీదా ఆగకుండా దూరంగా. అద్దం ముందు నిలబడి సరిచూసుకుంది కూడా. ఆ మొహం చూసిన మొదటిరోజు పట్టాభిరామయ్య "పన్ను నొప్పా?" అని అడిగాడు.

ఆ మొహం పెట్టుకునే ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి శంషాబాద్ బస్సెక్కడానికి బయల్దేరింది. పనేమీ లేదు. విమానం దిగడం చూడాలి, అంతే. ఆ సంవత్సరమే కొత్త విమానాశ్రయం తెరిచారు. డాబా మీద వడియాలు పెట్టుకుంటుంటే విమానాలు పొట్ట చూపించుకుంటూ పోయేవి. అంత ఇనుము నేలకు ఎలా వాలుతుందో చూడాలని ఆవిడకు చిన్నపిల్ల కోరిక. మొగుణ్ణి అడిగితే, "అందులో చూడ్డానికేముందే" అన్నాడు. సరే, మీరు రాకపోతే నేనే పోతాననుకుంది. ఆ నెలంతటికీ ఆవిడకు సంతోషమనిపించిన ఆలోచన అదొక్కటే.

అత్తాపూర్‌లో అప్పటికి ఫ్లైఓవర్ కడుతున్నారు. రోడ్డు మధ్య స్తంభాలు మొలిచాయి గానీ వాటి మీద ఇంకా ఏమీ పడలేదు. దుమ్ములో నిలబడీ నిలబడీ విసిగిన జనం బస్సు కనపడగానే ఒక్క ఊపున మీద పడ్డారు. ముందు తలుపు ఆడవాళ్లది. చాముండేశ్వరి ఎలాగో ఎక్కేసరికి కిటికీ పక్కన ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద ఎర్ర అంచు చేతిగుడ్డ ఒకటి పడి ఉంది. కిందనుంచి ఎవరో కిటికీలోంచి వేశారు. అంటే ఆ సీటు వాళ్లది. భీమవరం బస్సుల్లోనూ అదే పద్ధతి, అక్కడ తువ్వాలు వేస్తారు. ఇంకోరోజైతే ఆవిడ ఆ గుడ్డ జోలికి పోయేది కాదు. ఆ రోజు మాత్రం, 'నన్ను ఈ ఊరేం గౌరవించిందని' అనుకుని, గుడ్డను రెండు వేళ్లతో తీసి, చక్కగా కూర్చుంది.

"ఓ అమ్మా, గాడ నేను దస్తీ ఏసిన" అంది వెనకనుంచి ఒక గొంతు.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఆకుపచ్చ చీర, నల్ల జాకెట్టు, చంకలో తొమ్మిది నెలల పిల్ల, భుజానికి పెద్ద రెక్సిన్ సంచి. ఆమె పేరు సరిత అని ఆవిడకు అప్పుడు తెలియదు. చాముండేశ్వరి ఏమీ అనలేదు. చేతిలో ఉన్న దస్తీని ఆ అమ్మాయికి అందించింది.

"ఏంది, నా దస్తీ నా చేతిలనే వెడ్తున్నవ్? సంటిపిల్లనెత్తుకొని నేను నిలవడాల్నా, నువ్వు గూసుంటవా?"

నిజానికి ఆ క్షణంలో ఆవిడకు లేవాలనిపించింది. పిల్లతల్లిని నిలబెట్టి తను కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేయలేదు. కానీ లేస్తే ఊరికే లేవలేదుగా, 'కూర్చో తల్లీ' అనో మరొకటో అనాలి. అంటే మళ్లీ మాట కలుస్తుంది. కలిస్తే మళ్లీ ఎవరో ఒకరు మొహం మీద తలుపేస్తారు. అందుకని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"సూడుండ్రి, నోట్లెకెల్లి ఒక్క మాటన్న రాదు. గంత పొగరేంది" అంది సరిత, బస్సంతా వినేలా.

వెనక సీట్లో తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు, పెంటయ్య, మహేశ్వరం వైపు రైతు, అందుకున్నాడు. "పెద్దోళ్లు తియ్ బిడ్డా. మనతోని మాట్లాడ్తరా వాళ్లు."

చాముండేశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. మొహం మాత్రం సడలలేదు.

"సరే, సీటు తీస్కున్నవ్ గద. ఇగ పిల్లను గూడ నువ్వే వట్టుకో" అని సరిత పిల్లను తెచ్చి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టేసింది. సంచి కూడా కాళ్ల దగ్గర పెట్టేసింది. ఇందులో వింతేమీ లేదు. నిలబడ్డవాళ్ల బరువు కూర్చున్నవాళ్ల ఒళ్లోకి చేరడం సిటీ బస్సులో మామూలే. టిఫిను డబ్బాలు, పుస్తకాలు, పూలబుట్టలు, పిల్లలు, ఏదైనా సరే. అడగక్కర్లేదు, కాదనకూడదు. ఎంత పోట్లాట జరిగినా ఆ పద్ధతి తప్పదు.

పిల్ల వెచ్చగా, పౌడరు వాసనేస్తూ, బుగ్గన పెద్ద దిష్టిచుక్కతో ఉంది. తల వెనక్కి వాల్చి చాముండేశ్వరి బిగించుకున్న మొహాన్ని కాసేపు శ్రద్ధగా చూసి, బోసినోటితో నవ్వింది. ఆ మొహాన్ని లెక్కచేయని మొదటి మనిషి ఈ పిల్లే. చాముండేశ్వరి ఎవరూ చూడకుండా దాని అరికాలు నొక్కింది.

ఆరాంఘర్ చౌరస్తాకు వచ్చేసరికి బస్సు లోపల గాలి కూడా దూరేలా లేదు. దిగాల్సినవాళ్లు దిగలేకపోతున్నారు. ఇలాంటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు ఒకసారి కిందికి దిగి, దిగేవాళ్లకు దారిచ్చి, మళ్లీ ఎక్కుతారు. సరితా అలాగే దిగింది. ఆమె వెనక గంపలతో నలుగురు దిగారు, ఆమెను తోసుకుని పదిమంది ఎక్కారు. వెనకనుంచి కండక్టరు "రైట్ రైట్" అన్నాడు. అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్న చాముండేశ్వరికి ఇదేమీ కనిపించలేదు.

బస్సు బెంగుళూరు హైవే పట్టి వేగం అందుకున్నాక, పిల్ల తల అటూ ఇటూ తిప్పి వెతకడం మొదలుపెట్టింది. చాముండేశ్వరి కూడా తల తిప్పింది. ఎదురుగా నిలబడ్డది వేరే మనిషి. ఆమె వెనక మరో మనిషి. ఆవిడ సగం లేచి తలుపు దాకా చూసింది. ఆకుపచ్చ చీర, నల్ల జాకెట్టు ఎక్కడా లేవు.

"పాప వాళ్లమ్మ ఏదీ?" అంది. నెల రోజులుగా వాడని గొంతు కీచుగా వచ్చింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఈసారి నిలబడి, భీమవరంలో మేడమీంచి పాలవాణ్ణి పిలిచేటంత గొంతుతో, "బస్సాపండి బాబూ, ఈ పాప తల్లి దిగిపోయింది" అని కేకేసింది.

బస్సు ఆగలేదు గానీ మనుషులు కదిలారు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. "ఆరాంఘర్ల దిగింది, నేను సూసిన" అని ఒకామె. "మరి అప్పుడే చెప్పొద్దా" అని ఇంకొకామె. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఆమె పేరేంది? యాడ దిగుతది? ఎవలింటికి పోతుంది?" అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు.

చాముండేశ్వరి దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఇదివరకటి రోజులైతే ఈపాటికి ఆ అమ్మాయి ఊరు, పేరు, అత్తగారి ఆరోగ్యంతో సహా తెలిసుండేవి. పక్కన పావుగంట నిలబడ్డ మనిషిని ఒక్క మాట అడగలేదు. ఆవిడ పంతం ఖరీదు ఇప్పుడు ఒళ్లో కూర్చుని ఏడవడానికి పెదవి విరుస్తోంది. చాముండేశ్వరికి తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఫోన్ చేద్దామంటే సంచిల ఫోన్ ఉందా?" అన్నాడు కండక్టరు. పై జేబులు తడిమి చూశారు. లేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో సెల్లు మొగుడి జేబులోనే ఉండేది. చాముండేశ్వరి ఇంట్లోనూ అంతే.

ఒకరు శంషాబాద్ బస్టాండులో అప్పగించమన్నారు, ఒకరు పోలీసు స్టేషను అన్నారు. చాముండేశ్వరి వినలేదు. "తల్లి ఈ రోడ్డు మీదే వెంటపడి వస్తుంది. మనం దూరం పోయేకొద్దీ ఆవిడ ప్రాణం పోతుంది. నన్ను వచ్చే స్టాపులో దింపండి, అక్కడే కూర్చుంటాను."

కండక్టరు ఒప్పుకున్నాడు. "ఆమె గిన బస్సుకాడికొస్తే గగన్‌పహాడ్‌ల ఉన్నరని చెప్త. మీరు గాడికెల్లి కదలకుండ్రి."

ఆవిడ ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో సంచి పట్టుకుని దిగింది. బస్సు కదలబోతుండగా పెంటయ్య కూడా దిగాడు.

"మీరెందుకండీ?" అంది.

"ఎందుకేంది?" అన్నాడు పెంటయ్య తలపాగా సర్దుకుంటూ. "సంటిపిల్ల తల్లితోని మాట గూడ కలుపనిదానివి నువ్వు. నువ్వెవరో, మీదే ఊరో. మా దిక్కు పిల్లను నీ చేతులవెట్టి నేనెట్ల పోత? అమ్మొచ్చేదాక నీ మీద కన్నేసి ఉంట."

మొహాన ఉమ్మినట్టయింది. కానీ ఆ మాటలో ఎక్కడ తప్పు పట్టాలో ఆవిడకు తోచలేదు. బస్సులో ఆయన చూసింది అదేగా మరి.

స్టాపు దగ్గర నీడ లేదు. కొంచెం లోపలికి రేణుకమ్మ అనే ఆమె టీ కొట్టు, దాని ముందు నీడకు నీలిరంగు టార్పాలిన్ కట్టి ఉంది. దాని కింద బల్ల మీద చాముండేశ్వరి కూర్చుంది. పెంటయ్య అదే బల్ల ఆ చివరన, చేలో పిట్టలకు కాపలా ఉన్నట్టు, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. కూర్చోగానే పిల్ల ఇక ఆపుకోలేక రాగం ఎత్తుకుంది.

"ఎవల పిల్ల?" అంది రేణుకమ్మ, గిన్నె కడుగుతూ.

చాముండేశ్వరి చెప్పింది. రేణుకమ్మ ఆవిడ చీరను, పిల్ల మొలతాడును, మళ్లీ ఆవిడ మొహాన్ని చూసింది. టీ తాగుతున్న ఇద్దరు మగవాళ్లు కూడా చూశారు. "పిల్లలనెత్కపోయేటోళ్లు తిరుగుతున్నరంట" అన్నాడు అందులో ఒకడు, గాలితో చెప్పినట్టు.

"నేను సూస్తనే ఉన్న" అన్నాడు పెంటయ్య వాళ్లతో.

చాముండేశ్వరికి లేచి నలుగురినీ నాలుగు దులపాలనిపించింది. దులిపే శక్తి ఆవిడకు లేక కాదు, భీమవరం మొత్తం సాక్ష్యం చెబుతుంది. కానీ ఒళ్లో పిల్ల వెక్కుతోంది. తను అరిస్తే అది బెదురుతుంది. 'వీళ్లు నన్నేమైనా అనుకోనీ, ముందు ఇది ఊరుకోవాలి' అనుకుని, కోపాన్ని పక్కన పెట్టి పిల్లను భుజాన వేసుకుంది.

సరిగ్గా అప్పుడే హైవే మీద ఒక ఆటో దూసుకుపోయింది. అందులోంచి సగం బయటికి వాలి, జుట్టు విరబోసుకుని, ముందుకు చెయ్యి ఊపుతూ ఒక మనిషి. ఆకుపచ్చ చీర. "అదిగో, అదిగో ఆవిడే" అని చాముండేశ్వరి లేచి పరిగెత్తింది. పెంటయ్య ఆవిడకంటే ముందు పరిగెత్తాడు. తలపాగా విప్పి జెండాలా ఊపాడు. లారీల మోతలో ఎవరికి వినపడుతుంది. సరిత కళ్లు బస్సు కోసమే వెతుకుతున్నాయి, బస్టాపు కోసం కాదు. ఆటో చుక్కయిపోయింది.

పెంటయ్య రొప్పుతూ వెనక్కొచ్చాడు. చాముండేశ్వరి అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఏడుస్తోంది. "నాదే తప్పండి. ఎండలోనైనా స్టాపులోనే కూర్చోవాల్సింది. ఆ తల్లి నన్ను తిట్టుకుంటూ, పిల్లకేమయిందో అనుకుంటూ..." మాట పూర్తికాలేదు.

పెంటయ్య ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. అంతదాకా ఉన్న చూపు కాదది. "ఏడువకు బిడ్డా. బస్సు ఎన్కవడ్డది గద. బస్సుల లేకపోతే కండక్టర్ చెప్తడు. ఇగ ఈడికి రాక యాడికి పోతది?"

"మీకు ఆలస్యమవుతుందేమో."

"బర్రె సుస్తయితే మందు గొంటపోతున్న. అది ఇంకో గంట ఆగుతది తియ్."

రేణుకమ్మ కూడా ఏమనుకుందో, పాలు గోరువెచ్చగా చేసి చెంచాతో పట్టుకొచ్చింది. పెంటయ్య ముందు తన చేతి మీద ఒక చుక్క వేసుకుని చూశాడు, వేడి కోసమో అనుమానం కోసమో ఆయనకే తెలియాలి. పిల్ల మాత్రం చెంచాను చేత్తో కొట్టి పారేసింది. దానికి అమ్మ కావాలి. అంతకు తక్కువ ఏదీ వద్దు.

చాముండేశ్వరి చీర కొంగు నడుముకు దోపి రంగంలోకి దిగింది. జోలపాటలు పాడింది. తనకొచ్చిన నాలుగూ అయిపోతే, రాగం అదే పెట్టుకుని రేణుకమ్మ కొట్టులో కనపడ్డ బిస్కెట్ల పేర్లన్నీ పాడింది. పిల్ల ఏడుపు మధ్యలో ఆగి విని, మళ్లీ అందుకుంది. ఆవిడ గొంతు బొంగురుపోయింది. అప్పుడు పెంటయ్య దగ్గరికి జరిగి, బర్రెల్ని మళ్లేసేటప్పుడు చేసే శబ్దం, నాలుక అంగిలికి కొట్టి "ట్రర్ర్ర్, హోయ్" అని ఒకటి చేశాడు. పిల్ల నిశ్శబ్దమైపోయింది. కన్నీళ్లు బుగ్గల మీదే ఉన్నాయి, నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది. ఇంకోసారి చేశాడు. కిలకిలా నవ్వింది.

"ఇంకోటి చెయ్యండి బాబాయ్ గారూ" అంది చాముండేశ్వరి, తనే పిల్లయినట్టు.

ఆ నవ్వు మధ్యలోనే ఆకాశంలో ఒక విమానం వంగి, చక్రాలు చాపుకుని, శంషాబాద్ వైపు దిగుతూ పోయింది. పిల్ల వేలు చూపించింది. చాముండేశ్వరి కూడా తలెత్తి, కనుమరుగయ్యేదాకా చూసింది. "ఇవాళ నేను బయల్దేరింది దీన్ని చూడ్డానికేనండీ" అంది.

"ఇమానం సూడనీకా? పనిగట్టుకొని?" పెంటయ్య నోరు వెళ్లబెట్టాడు. "మా ఇంటి మీదికెల్లే పోతయి. మోతకు బర్రెలు బెదిరి పాలిస్తలేవు. నువ్వు మా ఊరికొచ్చి గూసుంటే దినమంత సూడొచ్చు."

ఆ మాటకు ఆవిడ నవ్వింది. నవ్వాక ఇక కట్ట తెగింది. పై వాటా ఆవిడ తలుపు, కూరగాయల బండివాడు, బ్యాంకు అమ్మాయి, పంతం, మొహం, అన్నీ చెప్పేసింది. ఆ మొహం ఎలా పెట్టేదో కూడా పెట్టి చూపించింది. రేణుకమ్మ గిన్నెలు వదిలేసి వచ్చి నిలబడి విన్నది.

"అట్లనా" అన్నాడు పెంటయ్య చివరికి. "నేను పొగరనుకున్న."

"అందరూ అలాగే అనుకోవాలనే పెట్టుకున్నానండీ" అంది చాముండేశ్వరి. చెప్పాక ఆవిడకే సిగ్గేసింది.

పిల్ల ఆవిడ భుజం మీద నిద్రపోయింది. సంచిలోంచి ఒక మెత్తటి గుడ్డ తీసి, మడిచి, దాని తల కింద పెట్టుకుంది. ఎండ ఎక్కింది. అవతలి వైపు ఆటో ఆగినప్పుడల్లా చాముండేశ్వరి మెడ చాచి చూసేది. ఎంతసేపైందో ఎవరూ చూసుకోలేదు. టీ తాగడానికి వచ్చినవాళ్లు వెళ్లారు, కొత్తవాళ్లు వచ్చి విషయమేంటని గుమిగూడారు.

ఆ గుంపును చీల్చుకుంటూ వచ్చింది సరిత. ఎప్పుడు ఆటో దిగిందో, ఎటునుంచి రోడ్డు దాటిందో ఎవరూ గమనించలేదు. కాళ్లకు చెప్పుల్లేవు. "లహరీ" అని ఒక్క అరుపు అరిచి, పిల్లను గుంజుకుని, గుండెకు అదుముకుని, రెండో చేత్తో చాముండేశ్వరి చెంప మీద ఛెళ్లున కొట్టింది.

"సీటు గుంజుకున్నవ్, సాలలేదా? నా బిడ్డను ఎత్కపోతవా? ఎందుకు దిగినవే బస్సుకెల్లి? బస్సెక్కి సూస్తే పిల్ల లేదు. నా పానం ఎట్లయిందో తెల్సా నీకు?"

కండక్టరు ఆమెకు చెప్పే ఉంటాడు. కానీ పిల్ల లేని సీటు చూసిన తల్లి చెవులకు ఆ తర్వాత మాటలు ఎక్కుతాయా? గుంపులో కలకలం రేగింది. సగమే తెలిసినవాళ్లు ఆ సగంతోనే తీర్పు చెప్పేశారు. "నేననలే, ఎత్కపోయేటోళ్లే" అని ఒకడు ముందుకొచ్చి చాముండేశ్వరి చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ చెంప మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఏడాదంతా తిన్న చిన్న దెబ్బలన్నీ కలిపినా ఇంత లేవు. నోట మాట రాలేదు. ఈసారి పంతం వల్ల కాదు.

"ఆగు" అని పెంటయ్య మధ్యలోకి వచ్చాడు. చెయ్యి చాపినవాణ్ణి భుజంతో వెనక్కి నెట్టాడు. "ఎవడ్రా ముట్టుకునేది? నేను చెప్త వినుండ్రి. పొద్దుగాల బస్సుల ఈమెను నమ్మంది నేనొక్కణ్ణే. నమ్మకనే ఎంబడి దిగిన. దొంగోలె కన్నేసి గూసున్న. రెప్ప గొట్టలే." "నా కండ్లతోని సూసిన. నీ పిల్లనేడ్వనియ్యక పాడి పాడి గొంతు పోగొట్టుకున్నది. నువ్వు ఆటోల ముంగటికెల్లి పోతే రోడ్డు మీద నిలవడి నీకోసం ఏడ్సింది. ఎత్కపోయేటోళ్లు ఏడుస్తరా బిడ్డా? తప్పు నాది. ముందుగాల మాటన్నోణ్ణి నేను. కొడితే నన్ను గొట్టు."

రేణుకమ్మ కూడా "అవును, నేను సూసిన" అంది. గుంపు మెల్లగా పలచబడింది.

సరిత చూసింది. పెంటయ్యను, రేణుకమ్మను, నిద్ర చెదిరి మళ్లీ ఏడుపందుకున్న పిల్లను, దాని తల కోసం చాముండేశ్వరి భుజాన శ్రద్ధగా మడిచి పెట్టుకున్న మెత్తటి గుడ్డను. అప్పుడు చాముండేశ్వరి చెంపను చూసింది. నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి. ఆమె బల్ల మీద కూలబడింది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచింది గానీ, వచ్చింది ఏడుపే. పిల్లా తల్లీ ఒకేసారి ఏడుస్తుంటే రోడ్డున పోయేవాళ్లు మళ్లీ ఆగి చూడసాగారు. చాముండేశ్వరి చెంప మీంచి చెయ్యి తీసింది. అవమానం ఇంకా మండుతూనే ఉంది, లేదంటే అబద్ధం. కానీ ఆ పిల్ల ఆకలి ఎంతసేపటిదో ఆవిడకు తెలుసు.

"తర్వాత ఏడుద్దువు గాని తల్లీ. ముందు దానికి పాలియ్యి. పొద్దుటినుంచి చుక్క ముట్టలేదు" అంది. ఆ మాట అంటూనే దోపిన కొంగు తీసి, రెండు చేతులతో విప్పి పట్టుకుని, రోడ్డుకు అడ్డంగా నిలబడింది. పెంటయ్య అటు తిరిగి నిలబడి, ఆగినవాళ్లను "నడువుండ్రి, నడువుండ్రి" అని కదిలించాడు.

కొంగు వెనక ఏడుపు ఒకటి ఆగింది. గుటకల చప్పుడు మొదలైంది. రెండో ఏడుపు ఇంకా వెక్కిళ్లుగా వస్తూనే ఉంది. చాచిన చేతులు లాగుతున్నాయి, అయినా చాముండేశ్వరి దించలేదు. కాసేపటికి నడుముకు వెచ్చగా ఏదో తగిలింది. సరిత కూర్చున్నచోటినుంచే తల ఆవిడకు ఆనించింది.

"అక్కా" అంది. "దెబ్బ గట్టిగ తాకిందా?"

"గట్టిగానే తగిలిందమ్మా" అంది చాముండేశ్వరి. ఎందుకు దాచాలి. "నా పిల్లాడు ఇలా కనపడకుండా పోయి ఉంటే నేను రెండు కొట్టేదాన్ని."

వెక్కిళ్ల మధ్యలోంచి సరితకు నవ్వొచ్చింది. ఆ కుదుపుకు పాలు తాగుతున్న లహరి విసుగ్గా ఒక మూలుగు మూలిగి, మళ్లీ తన పనిలో పడింది.